డొప్పకర్ణుడికి భయపెట్టడం రాదు

ఆ రోజుల్లో నా ఈడు ఆడపిల్లల్లో ఎవరి నోటుపుస్తకం అట్ట విప్పినా లోపల ఒక సినిమా హీరో ఫొటో ఉండేది. నా పుస్తకంలో మాత్రం ఒక రాక్షసుడు ఉండేవాడు. ఫొటో కాదు, నేనే పెన్సిలుతో గీసుకున్న బొమ్మ. రెండు కొమ్ములు, అరటి డొప్పల్లాంటి రెండు చెవులు, పెదవి దాటి బయటికొచ్చిన రెండు కోరలు. పేరు డొప్పకర్ణుడు. పదిహేడేళ్ల పిల్ల రాక్షసుడి మీద మనసు పడటమేమిటని మీకు అనుమానం రావచ్చు. మా అమ్మకు అప్పుడే వచ్చింది. "గిదేం పిచ్చే నీకు? దయ్యాలను పుస్తకాలల్ల దాసిపెట్టుకుంటవా?" అని ఆ కాగితాన్ని పొయ్యి దగ్గరికి తీసుకుపోయింది. దయ్యం వేరు, రాక్షసుడు వేరు అని నేను వెంటపడి అరగంట వివరించాను. (ఆమె శ్రద్ధగానే విన్నది. ఆ రోజు పప్పులో ఉప్పు లేదు.)

డొప్పకర్ణుడు నాకు మా ఇబ్రహీంపట్నం గ్రంథాలయంలో దొరికాడు. ఆ పుస్తకానికి ముందు పేజీలు లేవు, వెనక పేజీలు లేవు, కాబట్టి దాని పేరేమిటో, రాసిన మహానుభావుడెవరో నాకు ఈ రోజుకూ తెలియదు. అందులో ఒక రాకుమారుడున్నాడు. ముప్పై రెండు శుభలక్షణాలు కలవాడట. నేను వెతికి వెతికి చూశాను, ఆ ముప్పై రెండింటిలో ఆకలి లేదు, నిద్ర లేదు, కనీసం జలుబు కూడా లేదు. ఎక్కడికి పోయినా ముందు తన వంశం గురించి రెండు పేజీలు చెప్పి, ఆ తర్వాత కత్తి తీసేవాడు. ఒక రాకుమారి ఉంది, ఆమెకు ప్రతి అధ్యాయం చివర మూర్ఛపోవడం తప్ప వేరే పని లేదు. మాంత్రికుడు కొంత నయం, పాపం కష్టజీవి, పొద్దస్తమానం ఏవో వేర్లు నూరుకుంటూ ఉండేవాడు. ఇక నా డొప్పకర్ణుడు గుహకు కాపలా. అటు వచ్చినవాణ్ణి వచ్చినట్టు మింగేయాలని మాంత్రికుడి ఆజ్ఞ. కానీ ఆకలితో ఉన్నవాణ్ణి తింటే మహాపాపమని ఆ రాక్షసుడికి వాళ్ల అమ్మ చిన్నప్పుడే చెప్పిందట. అందుకని దొరికినవాణ్ణి మెడ పట్టుకుని పైకెత్తి, "నరుడా, భోజనమైనదా?" అని అడిగేవాడు. కాలేదంటే కిందికి దించి, అన్నం వండి, పులుసు కాచి పెట్టేవాడు. తిన్నవాడు ఊరుకుంటాడా, తన కష్టసుఖాలు చెప్పుకునేవాడు. అవి విని రాక్షసుడు వెక్కి వెక్కి ఏడ్చేవాడు. ఈలోగా తెల్లారేది, ఆ నరుడు ఇంటికి పోయేవాడు. పుస్తకం మొత్తం మీద డొప్పకర్ణుడు ఒక్క మనిషిని కూడా తినలేదు. పైగా ఉరుములంటే భయం. ఆ చెవులు మూసుకోవడానికి తన రెండు చేతులూ చాలవు కనుక, బందీగా ఉన్నవాణ్ణే పిలిచి "నాయనా, ఈ ప్రక్కది కాస్త మూయుము" అని బతిమాలేవాడు. ఇట్లాంటివాణ్ణి ఇష్టపడక ఎవరిని ఇష్టపడాలో మీరే చెప్పండి. కథలో అందరూ తమ గొప్పలే చెప్పుకుంటుంటే ఎదుటివాడి కడుపు గురించి అడిగినవాడు వాడొక్కడే. ఆ పుస్తకాన్ని నేను పదకొండుసార్లు చదివాను. రాకుమారుడు వంశం చెప్పే పేజీలు వదిలేసి చదివాననుకోండి.

ఇంటర్ పరీక్షలైపోయిన ఆ వేసవిలో, పట్నంలో బొమ్మలు నేర్పే కాలేజీ ఉందనీ, దానికి ప్రవేశపరీక్ష రాస్తాననీ ఇంట్లో ప్రకటించాను. మా బాపు ఇబ్రహీంపట్నం నుంచి కందుకూరు దిక్కు ఊళ్లకు ఆటో నడిపేవాడు. ఆయన తువ్వాలతో మొహం తుడుచుకుని, "బొమ్మలేసి ఎవడు బతికిండే?" అన్నాడు. బొమ్మలేసే బతుకుతున్న మా మేనమామ ఆ సమయంలో అక్కడే కూచుని చాయ్ తాగుతున్నాడు. ఆయన కప్పు కాస్త గట్టిగా కింద పెట్టాడు. బాపుకు కొంచెం సిగ్గేసినట్టుంది, వెంటనే మెత్తబడి ఒక షరతు పెట్టాడు. "సరే, గట్లయితే నెల దినాలు మీ మామ దుకాణంల పని జెయ్యి. నీ పని మీద ఒక్క కంప్లైంట్ రావద్దు. రాకుంటే పరీక్ష రాయి, నేనే దించొస్త. ఒక్కటొచ్చినా సప్పుడు జెయ్యక డిగ్రీల చేరు." పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీటరు మీద, బ్రేకు మీద, పాట మీద, చివరికి గుంతల మీద కూడా మాటలు పడే మనిషి కనుక ఆయన దృష్టిలో కంప్లైంటుకు మించిన ఘోరం లేదు. నేను సంతోషంగా ఒప్పుకున్నాను. ఒక్క నెలలో నా బొమ్మకు వంక పెట్టేవాడు ఇబ్రహీంపట్నంలో పుట్టాడా అని నా ధీమా.

మామ దుకాణం సాగర్ రోడ్డు మీద ఉండేది. ఫ్లెక్సీ మిషన్లు వచ్చి చేతిపనిని చాలామటుకు మింగేశాయి, ఆయన కుంచెకు మిగిలినవి బండ్ల నంబర్ ప్లేట్లు, గోడల మీద రాతలు, దిష్టిబొమ్మలు. మొదటి మూడు వారాలు నేను కడిగిన ముత్యంలా గడిపాను. నలభై నంబర్ ప్లేట్లు రాశాను. 'కుక్క ఉంది జాగ్రత్త' బోర్డులు రాశాను. (ఒకదాంట్లో కుక్క బొమ్మ కాస్త దిగులుగా వచ్చింది. తీసుకున్నాయన, "మా కుక్క అచ్చం గిట్లనే ఉంటది" అని మెచ్చుకుని పోయాడు.) నాదర్‌గుల్ నుంచి లేచిన శిక్షణ విమానాలు నెత్తిమీద గిరగిరా తిరుగుతుంటే, వాటిని నడిపే పిల్లలూ నాలాగే పరీక్షకు తయారవుతున్నారని అనుకుని వాళ్లకు కుంచె ఊపేదాన్ని. అట్లా ఉండగా నాలుగో వారం మొదట్లో రైట్‌రైట్ తాత వచ్చాడు.

రైట్‌రైట్ తాత ముప్పై రెండేళ్లు బస్సు కండక్టరుగా చేసి దిగిపోయిన మనిషి. మాకు చుట్టం కాదు, మా వాడకట్టు, అంటే మా వీధి మనిషి. ఏ మాట ముగించినా "రైట్ రైట్" అనడం అలవాటు, పెళ్లిచూపుల్లో కూడా అన్నాడని చెప్పుకునేవారు. ఆయన కొత్త కాలనీలో ఇల్లు కడుతున్నాడు. ఇల్లు లేస్తుంటే దానికొక రాక్షసుడి మొహం వేలాడదీయడం మా దగ్గర సిమెంటు, ఇసుక ఎంత అవసరమో అంత అవసరం. దారిన పోయేవాడి కన్ను ముందు ఆ వికారపు మొహం మీద పడాలి, బెదిరి అక్కడి నుంచే తిరిగిపోవాలి, గోడల దాకా వెళ్లకూడదు. మామ ఆ రోజు తుక్కుగూడలో గోడ మీద రాతపనికి పోయాడు. తాత నన్నే బల్ల దగ్గర నిలబెట్టి ఆర్డరిచ్చాడు.

"ప్రింటుది నాకొద్దు బిడ్డా. గా ప్రింటు రాక్షసుడు తుక్కుగూడ కాడ్నుంచి మన దాంక అందరి ఇండ్ల మీద ఒక్కడే. గంతమందికి ఒక్కడు యాడ డ్యూటీ జేస్తడు? నా ఇంటికి సెపరేటుది గావాలె. చేతితోని వెయ్యి. రైట్ రైట్."

సెపరేటు రాక్షసుడు! ఆ మాట వినగానే నా గుండె ఎగిరి గంతేసింది. నా పుస్తకం అట్టలో ఏడాదిగా మగ్గుతున్నవాడికి ఇన్నాళ్లకు ఇల్లు దొరికింది. రెండు రోజులు అన్నం కూడా సరిగా తినకుండా పెద్ద రేకు మీద ఎనామిల్ రంగులతో డొప్పకర్ణుణ్ణి వేశాను. నల్లటి మొహం, ఎర్రటి నాలుక, కొమ్ములు, కోరలు, ఏదీ తక్కువ చేయలేదు. చెవులైతే రేకు అంచుల దాకా పోయాయి. మామ వచ్చి, తల పక్కకు వంచి చూసి, "మంచిగున్నడే పిల్లా" అన్నాడు. దిష్టిబొమ్మను చూసి ఎవరైనా మంచిగున్నడు అన్నారంటే అక్కడే ఏదో తేడా కొట్టిందని ఇద్దరిలో ఒక్కరికైనా తట్టాలి కదా! తట్టలేదు. మామకు నా మీద ప్రేమ, నాకు డొప్పకర్ణుడి మీద ప్రేమ. ఇద్దరం కలిసి ఆ రేకును పాత దుప్పట్లో చుట్టి పంపించాము.

అయిదో రోజు పొద్దున తాత స్కూటరు దుకాణం ముందు ఆగింది. వెనక సీటుకు తాడుతో కట్టిన డొప్పకర్ణుడు సాగర్ రోడ్డు మొత్తాన్ని చూసి నవ్వుతున్నాడు. తాత మాత్రం నవ్వడం లేదు.

"ఏం బొమ్మనే ఇది? కట్టిన్నాటి సంది నా ఇంటికాడ జాతర అయితుంది!" అని మొదలుపెట్టాడు. "కూలోళ్లు సద్దులు పట్టుకొని దీని కిందనే కూసుంటున్నరు. మావోళ్లే గాదు, అవతలి బిల్డింగోళ్లు గూడ వస్తున్నరు. ఎందుకురా అంటే, ఈడ తింటే మనసున పడతది అంటున్నరు. పక్కగల్లీ పిల్ల తన బుడ్డోణ్ణి సంకనెత్తుకొచ్చి, అగో రాచ్చసిమామ అని సూపెట్టి బువ్వ తినిపిస్తుంది. నీళ్ల ట్యాంకరోడు నవ్వే రాక్షసుని ఇల్లు అని పేరు పెట్టిండు. రోడ్డు మీద పోయేటోడు పోతలేడు, ఆగుతున్నడు, బొమ్మను జూసి నవ్వుతున్నడు, ఆన్నుంచి ఇల్లంత కలెజూసి, ఎన్ని గజాలు తాతా, ఎన్ని ఫ్లోర్లు తాతా అని అడుగుతున్నడు! దిష్టి దీసే బొమ్మనా ఇది, దిష్టిని బొట్టు పెట్టి పిలిచే బొమ్మనా?"

అంతటితో ఆగలేదు. బోరు మోటరు కాలిపోయింది. ఇటుకల లారీ మట్టిలో దిగబడింది. తాత బొటనవేలు తలుపు సందులో పడి నలిగింది. దాన్ని నా మొహం ముందు పెట్టి, "టికెట్ చింపే ఏలు!" అన్నాడు, ఆ వేలికి ఇంకా ఉద్యోగం మిగిలి ఉన్నట్టు. ఎల్లుండి స్లాబు వేస్తున్నారట, ఆ లోగా నవ్వు తీసేయాలట. "లేకుంటే నీ సంగతి మీ బాపుకు చెప్పుడే. రైట్ రైట్."

బాపు దాకా పోతే నా కాలేజీ పోయినట్టే. తాత వెళ్లగానే కుంచె పట్టుకుని నోరు కిందికి తిప్పాను. నోరు దిగింది గానీ కళ్లు నవ్వుతున్నాయి. కళ్లల్లో ఎర్రరంగు దట్టించాను, పాపం రాత్రి నిద్రలేనివాడిలా కనిపించి ఇంకా జాలేసింది. కనుబొమ్మలు ముడివేశాను, మనం అన్నం తినలేదని కోప్పడుతున్నట్టు తయారయ్యాడు. మామ నన్ను పక్కకు నెట్టి తనే కోరలు రెండింతలు చేశాడు. ఇద్దరం నాలుగడుగులు వెనక్కి పోయి చూశాము. మామ చాలాసేపు గడ్డం గోక్కుని, "లాభం లేదు పిల్లా, వీడు మనల్నే ఓదారుస్తున్నట్టుండు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. వాణ్ణి భయంకరంగా వేయలేకపోతే కాలేజీ పోతుంది. వేస్తే వాడు డొప్పకర్ణుడు కాకుండా పోతాడు. లోకంలో ఇంత పెద్ద ధర్మసంకటం ఎవరికీ వచ్చి ఉండదని ఆ పూట నేను నిజంగా నమ్మాను.

సాయంత్రం దాకా ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది. రాక్షసుడంటే నాకు భయం లేదు, సరే. మరి ఆ పుస్తకంలో నాకు ఎవరంటే భయం? జవాబు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. రాకుమారుడంటే! రెప్ప వేయడు, ఆకలి లేదు, ఎవరినీ ఏమీ అడగడు, తనది తాను చెప్పి కత్తి తీస్తాడు. కొత్త రేకు తీసుకుని రాకుమారుణ్ణి వేశాను. గీత గీసినట్టున్న ముక్కు, కొలిచినట్టు సమానంగా రెండు చెంపలు, దువ్విన మీసం, నూనె పెట్టి వెనక్కి అణచిన జుట్టు, నేరుగా మన మొహంలోకే చూసే రెండు కళ్లు. చివర్లో దిష్టిబొమ్మ ధర్మం కోసం రెండు కొమ్ములు పెట్టాను. మామ ఒక్కసారి చూశాడు. పోయి దుకాణం అవతలి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

మర్నాడు తాత వచ్చాడు. రేకు మీద దుప్పటి తీశాను. ఆయన టక్కున నిటారుగా నిలబడి చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు. ఎడమచేయి తనకు తెలియకుండానే ఒకప్పుడు టికెట్ల సంచి వేలాడిన చోటికి పోయి గాలిలో తడుముకుంది.

"ఎవడే వీడు?" అన్నాడు, గొంతు తగ్గించి.

"రాకుమారుడు తాతా."

"ఏం రాకుమారుడు? వీడు చెకింగోడు! పల్లె మూలమలుపు కాడ చెట్టు సాటున నిలబడి చెయ్యెత్తుతడు సూడు, గా చెకింగోడు! నా కాడ ఏ తప్పు లేకున్న వీడు బస్సెక్కితే నా కాళ్లు గజగజ వణికేటియి." కాసేపు బొమ్మ వైపు చూడకుండా బొమ్మను చూసి, "మస్తుగుండు. ఇచ్చెయ్యి. దుప్పటి కప్పియ్యి జర" అన్నాడు.

రాకుమారుడు తన డ్యూటీ తాను చేశాడు. మరునాడు స్లాబు పడింది. ఇంటి ముందు ఒక్క మనిషి ఆగలేదు, కూలివాళ్లు బీడీకి కూడా కూచోకుండా పొద్దుగూకకముందే పని ముగించి వెళ్లిపోయారు, తాత రెండో వేలు భద్రంగా ఉంది. ఒక్క అవ్వకే, అంటే తాత భార్యకే, కాస్త ఇబ్బందయింది. ముందు గుమ్మం నుంచి పోతే ఎవడో కొంగు పట్టుకుని టికెట్ అడిగినట్టుంటుందని వెనకవైపు నుంచి తిరిగేదట.

నేను గండం గడిచిందనుకున్నాను. కానీ నాకు తెలియని సంగతి ఒకటుంది. తాత డొప్పకర్ణుణ్ణి స్కూటరు వెనక కట్టుకుని దుకాణానికి వస్తున్న రోజున చౌరస్తాలో సరిగ్గా ఆయన వెనకే మా బాపు ఆటో ఆగింది. ఆటోలో ఉన్నవాళ్లంతా ఆ మొహం చూసి పకపకా నవ్వారట, బాపు కూడా నవ్వాడట. నవ్వి, "ఎవరేసిండ్రు కాకా?" అని అడిగితే తాత వెనక్కి తిరిగి, "నీ బిడ్డనే! కంప్లైంట్ చెయ్యనీకె పోతున్న!" అని అరిచి వెళ్లిపోయాడట. బాపు ఆ మాటను కడుపులో పెట్టుకుని నెల పూర్తయ్యేదాకా ఊరుకున్నాడు.

ఆ శనివారం సాయంత్రం ఆటో దుకాణం ముందు ఆపి లోపలికి వచ్చాడు. "మాటంటే మాట. కంప్లైంట్ వచ్చింది. డిగ్రీ అప్లికేషన్ తెచ్చిన" అని కాగితం బల్ల మీద పెట్టాడు. నేను రాకుమారిని కాను కదా, చక్కగా మూర్ఛపోవడానికి! రంగుచేతులతో కళ్లు నలుపుకుని గట్టిగా ఏడ్చాను. మొహమంతా నల్లరంగు, ఎర్రరంగు అయింది. నా జన్మలో అంత దుఃఖం అంతకుముందు రాలేదు. మామ నాకు టర్పెంటైన్ గుడ్డ అందించబోయి, అది కళ్లకు మంచిది కాదని గుర్తొచ్చి తన తువ్వాల ఇచ్చాడు. సరిగ్గా అప్పుడే స్లాబు బాగా పడిందని మిఠాయి డబ్బా పట్టుకుని తాత లోపలికి వచ్చాడు. నా మొహం చూసి మొదట రెండడుగులు వెనక్కి వేశాడు. (దిష్టికి నన్నే కట్టి ఉండవలసిందని మామ తర్వాత చాలా రోజులు ఏడిపించాడు.) సంగతేమిటో మామ చెప్పాడు. నాకు రావలసిన చదువు తన మాట వల్లనే పోతోందని తెలిసి తాత డబ్బా బల్ల మీద పెట్టి బాపు వైపు తిరిగాడు.

"ఏం కంప్లైంట్? ఎవలు చేసిండ్రు?"

"నువ్వే గద కాకా! చౌరస్తల నా ముంగటనే అంటివి."

"అన్న. అంటే కంప్లైంట్ అయితదా? కాయిదమేది?"

"ఏం కాయిదం?"

"కంప్లైంట్ అంటే రాసియ్యాలె కొడుకా! బుక్కుల రాయాలె, పేరు రాయాలె, సంతకం పెట్టాలె. ముప్పై రెండేండ్ల సర్వీసుల నన్ను నోటితోని తిట్టనోడు లేడు. చిల్లర లేదంటే తిట్టిండ్రు, స్టేజి దాటిందని తిట్టిండ్రు, ఒకామె మేకపిల్లకు టికెట్ అడిగిన్నని మా అమ్మను తిట్టింది. కాయిదం మీద మాత్రం ఒక్కటి గూడ ఎక్కలే. అందుకే క్లీన్ రికార్డుతోని దిగిన, దండలేసి పంపిండ్రు. అవన్నీ లెక్కల పడితే నేను యాడుండేటోణ్ణి? అసలు నువ్వు యాడుండేటోనివి?"

ఆ చివరి మాట బాపుకు ఎక్కడో తగిలింది. పొద్దున్నుంచి ఎవరెవరు ఏమేమన్నారో లెక్క వేసుకుంటున్నట్టు గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. నేను ఏడుపు మధ్యలో ఆపి ఎక్కిళ్లు పెడుతున్నాను.

"అయితే కాయిదం లేదంటవ్" అన్నాడు బాపు చివరికి.

"ఉంటే సూపియ్యమను! నీ బిడ్డది క్లీన్ రికార్డ్. రైట్ రైట్."

ముప్పై రెండేళ్లు ఆ మాట మీద బస్సులు కదిలాయి. ఆ రోజు మా బాపు కూడా కదిలాడు. డిగ్రీ అప్లికేషన్‌ను నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, "పోయి మొకం కడుక్కో పో. పరీక్ష ఏనాడు?" అన్నాడు. వెళ్తూ వెళ్తూ మూలకున్న డొప్పకర్ణుణ్ణి ఎత్తుకుపోయి ఆటో వెనక కట్టుకున్నాడు. వాణ్ణి చూశాక లారీలవాళ్లు హారన్ కొట్టడం తగ్గించారని చాలా ఏళ్లు చెప్పేవాడు. (పరీక్షలో ఆ ఏడు నాకు సీటు రాలేదు, మరుసటి ఏడు వచ్చింది. ఆ ఏడాదంతా బాపు ఒక్క మాట కూడా అనలేదు.)

ఇప్పుడు పట్నంలో ఒక ఆఫీసులో కూచుని పిల్లల పుస్తకాలకూ ఫోన్ ఆటలకూ బొమ్మలు వేస్తున్నాను. రాక్షసులు వేయాలంటే నన్నే పిలుస్తారు. కంప్లైంట్లు మాత్రం అన్నీ కాయిదం మీదే వస్తాయి, మెయిల్లో, పేరుతో, తేదీతో సహా. 'రాక్షసుడు మరీ స్నేహంగా ఉన్నాడు, కొంచెం భయం పెంచగలరు' అని ఉంటుంది. నేను వాదించను. కంప్యూటర్ మీద రెండు నిమిషాల్లో ఆ నవ్వు తీసేసి, 'సవరించాను' అని జవాబు రాస్తాను. రోజంతా తంటాలు పడినా ఒక్క నవ్వు చెరపలేకపోయిన ఆ రంగుమొహం పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా కలుగుతుంది. పండక్కో పబ్బానికో ఇంటికి పోయినప్పుడు బాపు, "ఏమేమి బొమ్మలేసినవే, సూపియ్యి" అని కళ్లద్దాలు పెట్టుకుని పక్కన కూచుంటాడు. సవరించకముందు వేసినవే చూపిస్తాను.